ఎవరూ ముట్టని వెండి

భూమేష్ తన జీవితంలో తెల్ల గ్లవుజులు రెండే చోట్ల తొడిగాడు. ఒకటి అల్ ఖోబర్‌లో ప్రాక్టర్ సారు బల్ల దగ్గర. రెండోది ఖతీఫ్‌లో శవాల గదిలో.

జగిత్యాల దిక్కు మనిషి. ఎనభై ఆరులో సౌదీకి వచ్చాడు. వీసా మీద మేస్త్రీ పని అని ఉంది, విమానం దిగాక చేతికి చీపురు వచ్చింది. అమెరికావాళ్లుండే కాంపౌండులో ప్రాక్టర్ అనే ఇంజనీరు విల్లాకి అతన్ని పంపారు. వంట, బట్టలు, తోట, అన్నీ అతనే. ప్రాక్టర్ సారుకి పెళ్లాం లేదు, పిల్లలు లేరు, మందు కూడా పెద్దగా లేదు. ఉన్నదల్లా ఒక పెట్టె.

పెట్టె మూత తీస్తే నల్ల మఖ్మల్ గుడ్డ. గుడ్డలో రెండు వరసల్లో గుంటలు, వరసకి ఏడు. ప్రతి గుంటలో ఒక వెండి బిళ్ల. చిటికెనవేలి గోరు కంటే కాస్త పెద్దది, అంతే. అమెరికాలో నూట ఇరవై, నూట ముప్ఫై ఏళ్ల కిందటి ఐదు సెంట్లు. మొదటి వరస వెయ్యిన్ని ఎనిమిది వందల అరవై నుంచి అరవై ఆరు దాకా. రెండో వరస అరవై ఏడుతో మొదలై డెబ్బై మూడుతో ఆఖరు. ఏడాదికొకటి. ఒక్కో బిళ్ల మీదా ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుంది. ఒక చేతిలో కర్ర, రెండో చెయ్యి పక్కనున్న డాలు మీద. మెడ మాత్రం ఎడమవైపు తిప్పి ఏదో చూస్తూ ఉంటుంది.

ఇవి సంతలో ఖర్చు పెట్టడానికి చేసిన డబ్బు కాదు. అచ్చుని అద్దంలా మెరుగుపెట్టి, వెండి ముక్కనీ మెరుగుపెట్టి, ఒకటికి రెండుసార్లు గుద్ది తీసేవారట, దాచుకునేవాళ్ల కోసమే. ప్రూఫ్ అంటారు. బిళ్లని ఒక పక్కకి వంచితే చుట్టూ ఉన్న వెండి నల్లటి నీళ్లలా అయిపోయి ఆడమనిషి తెల్లగా పైకి తేలుతుంది. ఇంకో పక్కకి వంచితే ఆమె మాయమై, చూసేవాడి కన్ను కనపడుతుంది.

ప్రతి శుక్రవారం పొద్దున ప్రాక్టర్ సారు గ్లవుజులు తొడిగి, అంచులు మాత్రమే పట్టుకుని ఒక్కోటీ దీపం కింద తిప్పేవాడు. భూమేష్‌కి కూడా ఒక జత గ్లవుజులిచ్చి నేర్పాడు. వచ్చీరాని హిందీ, చేతి సైగలు, మిగతాది ఇంగ్లీషు. చెప్పిందే చెప్పి నాలుగేళ్లు చెప్పాడు. దీన్ని ఇంతవరకు ఏ వేలూ ముట్టలేదు. వేలు పడితే అప్పటికప్పుడు ఏమీ కనపడదు. కొన్ని వారాలకి ముద్ర పైకి తేలుతుంది, ఇక పోదు. తుడవకు, కడగకు, ఊదకు.

భూమేష్‌కి మాత్రం చెయ్యి దురద పెట్టేది. వాళ్లమ్మ వెండి కుంకుమభరిణెని విభూతితో రుద్ది తళతళలాడించేది. ఈ సారేమో అంచుల్లో నీలంగా, ఊదాగా మాసిన వెండిని చూసి మురిసిపోతాడు. అయినా ముట్టలేదు. నమ్మి చేతిలో పెట్టిన వస్తువు.

తొంభై ఆగస్టులో ఇరాక్ కువైట్‌లోకి దిగింది. తొంభై ఒకటి జనవరికి కాంపౌండు సగం ఖాళీ. ప్రాక్టర్ సారు కూడా అమెరికా బయలుదేరాడు. బయట కారు హారను మోగుతోంది. పెట్టె భూమేష్ చేతికిచ్చి, జూన్‌లో వస్తానని, ఒక్కటి కూడా తగ్గకూడదని, గ్లవుజుల సంగతి మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. వెళ్తూ వెళ్తూ రెండు గ్యాస్ మాస్కులు సోఫా మీద పడేసి, ముక్కు దగ్గరి డబ్బా చూపించి ఏదో అన్నాడు. భూమేష్ చూపు పెట్టె మీదుంది. "యెస్ సార్" అన్నాడు.

ఆ శుక్రవారమే రాజేశం వచ్చాడు. ఖతీఫ్ దగ్గరి క్యాంపులో ఇనుప చువ్వలు వంచే పని అతనిది. భూమేష్ ఊరే, వరసకి బావ. యంత్రంలో పడి కుడి బొటనవేలు నిలువునా చీలి అతుక్కుంది. జీతం రిజిస్టరులో వేలిముద్ర వేస్తే నడుమ తెల్లటి గీత పడేది. దస్తకత్ నేర్చుకొమ్మంటే, నా అసుంటి ముద్ర ఈ సౌదీల ఇంకెవనికున్నదిరా అని విర్రవీగేవాడు.

భూమేష్ పెట్టె తెరిచి చూపించాడు. రాజేశం మోకాళ్ల మీద వంగి, అరవై ఏడు సంవత్సరం బిళ్ల దగ్గర ఆగిపోయాడు.

"ఏందిరా ఇది! పోశమ్మ తల్లే గదరా! కట్టె వట్టుకొని ఎంత నిమ్మలంగ కూసున్నదో సూడు."

"పోశమ్మ గాదు బావా, అమెరికామె."

"నీ మొకం. ఈడ బొమ్మ వెట్టుకొని మొక్కితె లోపలేత్తరు. గిట్ల బిళ్ల మీద గూసుంటె ఎవడేమంటడు? మంచి ఉపాయమే జేసింది తల్లి." చెయ్యి ముందుకు చాపాడు.

"ముట్టకు!" భూమేష్ అరిచినంత పని చేశాడు.

"ముడితె మాసిపోతదా? కొత్త కోడలారా ఏంది?"

"నా కొలువు వోతది. గిదంత సారు పానం."

రాజేశం నవ్వి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అట్లాగే చాలాసేపు బిళ్లలోకి చూశాడు. నవ్వు మెల్లగా తగ్గింది.

"భూమేషూ, కిటికి గనవడుతంది. నువ్వు గనవడుతున్నవు. నేను లేనేందిరా?"

"పక్కకు వంగి సూడు."

వంగాడు. తల అటూ ఇటూ తిప్పాడు. "ఊహూ" అని లేచి, ఇక దాని సంగతే ఎత్తలేదు. పోయేటప్పుడు మాత్రం గుమ్మంలో ఆగాడు. "క్యాంపుల మాస్కుల్లేవురా. తడిగుడ్డలు గట్టుకొమ్మంటున్నరు. మొన్న సైరన్ మోగితె గుండె ఆగినంత పనైంది."

భూమేష్ సోఫా మీది మాస్కుల్లో ఒకటి తెచ్చి బావ చేతిలో పెట్టాడు. రాజేశం దాన్ని చిన్నపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి పట్టుకుని బస్సెక్కాడు.

నాలుగోనాడు మధ్యాహ్నం ఖతీఫ్‌లో సైరన్ మోగింది. మిసైల్ ఏదీ పడలేదు. క్యాంపులో అందరూ మూతులకు తడిగుడ్డలు కట్టుకుని గోడకి ఆనుకున్నారు. సైరన్ ఆగాక గుడ్డలు విప్పి ఒకర్నొకరు చూసి నవ్వుకున్నారు. రాజేశం ఒక్కడే మంచానికి ఆనుకుని, మాస్కుతో, అట్లాగే కూర్చుని ఉన్నాడు. అంతమందిలో ఒక్కడికే అసలైన మాస్కు. ఆ ఒక్కడే పోయాడు.

గుండె ఆగిందని కాగితం మీద రాశారు. భయానికి పోయాడని క్యాంపు అనుకుంది. భూమేష్ కూడా అదే అనుకున్నాడు.

విమానాలు బంద్. శవం ఎప్పుడు కదులుతుందో చెప్పేవాడు లేడు. ఫిబ్రవరి చివర్లో, తగలబడుతున్న కువైట్ నూనె బావుల పొగ దక్షిణానికి దిగింది. పట్టపగలు పన్నెండు గంటలకి కార్లు లైట్లు వేసుకుని నడిచాయి. వాన పడితే తెల్ల గోడల మీద నల్లటి చారలు. అట్లాంటి ఒక మధ్యాహ్నం భూమేష్ ఖతీఫ్ వెళ్లాడు. జేబులో గ్లవుజులు, దూదిలో చుట్టిన అరవై ఏడు సంవత్సరం బిళ్ల.

వాళ్ల దిక్కు పోయినవాళ్ల నుదుట బిళ్ల పెట్టి పంపుతారు. ఉత్త నుదురుతో ఎవర్నీ పంపరు. ఊళ్లో అయితే రూపాయి పెట్టేవాళ్లు. భూమేష్ దగ్గర ఉన్నవి సౌదీ చిల్లర, హలాలాలు. వాటిని నాలుగు రోజులు చేతిలో తిప్పి చూశాడు, మనసొప్పలేదు. బావ మెచ్చింది ఒక్కటే బిళ్ల. శవపెట్టె మూసేలోగా తిరిగి తెచ్చుకుంటే అయిపోతుందనుకున్నాడు.

శవాల గది కాపలాదారు ఖలందర్, హైదరాబాద్ ముసలాయన. సొరుగు లాగి పక్కకు నిలబడ్డాడు. భూమేష్ గ్లవుజులు తొడుక్కోవడం చూసి కనుబొమలు ముడిచాడు.

"ఏం జేస్తున్నవ్ బేటా? డాక్టరువా నువ్వు?"

"బిళ్ల పెడ్త చాచా. మాకు రివాజు."

"లోపల ఏం పెట్టనీకి లేదు."

"పెట్టె మూసేనాడు తీసుకపోత. గప్పటిదాకనే. నీ కాల్మొక్త."

ఖలందర్ గోడవైపు తిరిగి తస్బీ పూసలు తిప్పుకోసాగాడు. సరే అన్నట్టే లెక్క. భూమేష్ తడిపిన గోధుమపిండి చుక్క నుదుట పెట్టి, అంచులు పట్టుకుని, బిళ్ల వెనక ఆకుల దండ ఉన్న వైపు కిందికి, ఆడమనిషి పైకి ఉండేటట్టు బిళ్ల అంటించాడు. శవం ముందు కూడా ఎక్కడా వేలు తగలనివ్వలేదు. బల్బు వెలుగులో ఆమె తెల్లగా పైకి తేలింది. చుట్టూ నలుపు.

"మూసే దినం ఫోన్ జెయ్యి చాచా."

"జేస్త."

చేశాడు కూడా. మార్చి నెల, ఒకేసారి విమానం దొరికింది, ఒకేసారి కాగితాలు కదిలాయి. విల్లాలో ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆ పొద్దున భూమేష్ ఇకామా కోసం, అదే అక్కడ ఉండే పర్మిట్ కోసం, వీసా ఇచ్చిన కఫీల్ ఆఫీసు ముందు వరసలో నిలబడి ఉన్నాడు. సాయంత్రానికి సీలు వేసిన శవపెట్టె విమానంలో ఉంది.

ఆ రోజు నుంచి భూమేష్‌కి తిండి సహించలేదు. దొంగతనానికి ఈ దేశంలో ఏం చేస్తారో అందరికీ తెలుసు. వంటింట్లో ఉల్లిపాయలు కోస్తూ కుడి మణికట్టు వైపే చూసేవాడు. బిళ్లల పెట్టె తెరిస్తే ఇంకా భయం. పొగ ఇంట్లోకి కూడా వచ్చింది, పదమూడు బిళ్లలూ నల్లబడుతున్నాయి. రెండో వరస మొదట్లో, ఎడమ చివర, ఖాళీ గుంట. ఆ వరసలో మిగిలిన ఆరుగురు ఆడవాళ్లూ మెడ తిప్పి ఆ గుంటనే చూస్తున్నారు. వాళ్లు ఎప్పుడూ అటే చూస్తారు. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా మూత మూసేవాడు.

ఏప్రిల్‌లో ఊరినుంచి వచ్చినవాడొకడు క్యాసెట్ తెచ్చిచ్చాడు. రాజేశం భార్య ఊర్మిల గొంతు. భూమేష్ టేప్‌రికార్డరు ముందు నేలమీద కూర్చున్నాడు.

"అన్నా, పెట్టె ముట్టింది. మంచిగనే సాగదోలినం. ఒక్క మాట అడుగుత. ఆయన నొసట ఏం పెట్టి పంపినవే? బిళ్ల లేదు. గుండ్రంగ అచ్చు వడి ఉండె. అండ్ల ఒక ఆడామె, కట్టె వట్టుకొని కూసున్నది. మా అత్త జూసి పోశమ్మ తల్లి అని మొక్కింది. కడిగితె పోలే. గట్లనే పంపినం."

భూమేష్ టేపు ఆపాడు. ఆడమనిషి పైకి ఉండేలా పెట్టింది తన చేతులే. నుదుటిని తాకింది ఆకుల దండ. అచ్చు పడితే దండ పడాలి.

మర్నాడే ఖలందర్ దగ్గరికి పరుగెత్తాడు. ముసలాయన ఖురాన్ మీద ఒట్టు పెట్టుకున్నాడు. "నా చేతులతోని మూసిన బేటా. బిళ్ల ఉండె. ఇంక ఒక సంగతి జెప్పాల్నా? నువ్వు పోయిన తెల్లారి చూస్తే ఆ బీబీ బోర్ల తిరిగి ఉండె. నేను ముట్టలె. నాకు డర్ అయింది."

ప్రాక్టర్ సారు జూన్ మొదట్లో వచ్చాడు. ఆ రోజూ పొగ. మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో లైట్లు వేశారు. సారు సంచి కింద పెట్టకముందే భూమేష్ ఎదురు నిలబడ్డాడు. రెండు నెలలుగా వల్లించుకున్న ముక్క ఒక్కటే, "సార్, ఒక బిళ్ల లేదు. నేను తీసిన. దొంగతనం గాదు."

సారు తాళం అడిగి తీసుకున్నాడు. పెట్టె బల్ల మీద పెట్టి, గ్లవుజులు తొడిగి, మూత తీశాడు. వేలితో లెక్కపెట్టాడు. భూమేష్ కళ్లు మూసుకున్నాడు.

"పద్నాలుగు," అన్నాడు సారు.

భూమేష్ కళ్లు తెరిచాడు. రెండో వరస, ఎడమ చివర. గుంటలో బిళ్ల ఉంది. పదమూడూ పొగకి నల్లబడి ఉంటే అది ఒక్కటే ఇవాళే అచ్చు కొట్టినట్టు మెరుస్తోంది. పెట్టె తాళం ఇందాకటి దాకా అతని మొలతాడుకే ఉంది. నిన్న సాయంత్రం కూడా గుంట ఖాళీ.

సారు నవ్వి, యుద్ధం నీ బుర్ర పాడుచేసిందని భుజం తట్టాడు. అలవాటుగా బిళ్లని తీసి దీపం కింద వంచాడు. నవ్వు ఆగిపోయింది. భూతద్దం తెచ్చాడు. కూర్చున్న ఆడమనిషి మీదుగా, అంచు నుంచి అంచు దాకా, బొటనవేలి ముద్ర. గీతలన్నీ వెండిలోకి దిగిపోయాయి.

సారు భూమేష్ చెయ్యి గుంజి బొటనవేలు అద్దం కింద పెట్టాడు. ముద్ర వైపు చూశాడు, వేలి వైపు చూశాడు. వేలు కాదు. ముద్ర నడుమ నిలువునా ఒక గీత ఉంది, చీలి అతుక్కున్నట్టు.

"ఎవరిది?" అని అడిగాడు.

అప్పుడు భూమేష్ అంతా చెప్పాడు, వచ్చిన మూడు భాషల్లోనూ. బావ, శుక్రవారం, చేతులు వెనక్కి కట్టుకోవడం, సైరన్, శవాల గది, పిండి చుక్క. తన దగ్గరి మాస్కే బావకిచ్చానని, అయినా పోయాడని చెప్పాడు. సారు అక్కడ ఆపాడు.

"మూత తీశాడా?"

"ఏం మూత సార్?"

ప్రాక్టర్ సారు లేచి లోపలికెళ్లి రెండో మాస్కు తెచ్చాడు. ముక్కు దగ్గరి డబ్బా తిప్పి చూపించాడు. గాలి పోయే చోట బిరడా ఉంది, ఎర్రటి ప్లాస్టిక్‌ది, రూపాయంత. అది పీకేసి మాస్కు పెట్టుకోవాలి. పీకకపోతే లోపలికి గాలి రాదు. "నీకు చెప్పాను కదా," అన్నాడు సారు. గొంతులో కోపం లేదు. "వెళ్లే రోజు చెప్పాను."

బిళ్లని ఎట్లా పట్టుకోవాలో నాలుగేళ్లు చెప్పాడు. బిరడా గురించి అర నిమిషం. ఆ అర నిమిషంలో భూమేష్ పెట్టెనే చూస్తున్నాడు.

సారు ఆ అరవై ఏడుని మళ్లీ గుంటలో పెట్టలేదు. ఇక ప్రూఫ్ కాదని పైకి అన్నాడు గానీ, మళ్లీ దాని వైపు చూడలేదు. చిన్న కాగితంలో మడిచి భూమేష్ జేబులో వేశాడు. పోలీసుల మాట ఎత్తలేదు. మరుసటి ఏడాది దేశమే వదిలిపోయాడు.

తొంభై రెండులో భూమేష్ సెలవు మీద ఊరెళ్లి కాగితం ఊర్మిల ముందు విప్పాడు. ఆమె బిళ్లని వెలుగులోకి తిప్పి, తన బొటనవేలు దాని మీద ఆన్చింది. చాలాసేపు తీయలేదు.

"ముట్టిందని వేలిముద్ర ఏసిండు," అంది. "ఎవలిచ్చింది వాల్లకే పంపిండు. నీ దగ్గర్నే ఉండనీ అన్నా."

బిరడా మాట భూమేష్ నాలుక చివరి దాకా వచ్చింది. ఊర్మిల చాయ్ తెచ్చింది. తాగి లేచి వచ్చేశాడు.

కొత్త వీసా మీద మళ్లీ సౌదీకే, బురైదాకి వెళ్లాడు. ఖర్జూరపు తోటలో నీళ్లు కట్టే పని. తొమ్మిదేళ్లు చేశాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక చెట్టు కింద కూర్చుని బిళ్ల బయటికి తీసేవాడు. వంచితే ఖర్జూరపు మట్టలు కనపడేవి, ఆకాశం కనపడేది, వెనక నిలబడ్డ ట్రాక్టరు కూడా కనపడేది. అతని ముఖం ఉండాల్సిన చోట మాత్రం వేలిముద్ర. ఎటు వంచినా అంతే. బావ ఆ శుక్రవారం తల అటూ ఇటూ తిప్పడం గుర్తొచ్చి కాగితం మడిచేవాడు.

చివరికి రెండువేల ఒకటిలో, ఖర్జూరాలు కోసే కాలంలో, ఒక ఖాళీ క్యాసెట్ కొని తెచ్చి, పంపుషెడ్డులో తలుపు వేసుకుని చెప్పేశాడు. ఎర్ర బిరడా, హారను మోత, యెస్ సార్ అన్న మాట. ఊపిరాడక పోయాడు చెల్లే, భయానికి కాదు, నా చేతులతో ఇచ్చిన మాస్కుతో. క్యాసెట్ అవతలి పక్క తిప్పే పని కూడా లేకపోయింది. అంతా కలిపి ఐదు నిమిషాలు.

జవాబు క్యాసెట్ రెండు నెలలకి వచ్చింది.

"అన్నా, నాకెరికే. తానం వోసిననాడే జూసిన. నొసట అమ్మవారి అచ్చు ఒక్కటే గాదు, దాని కింద మూతి సుట్టూత రబ్బరు గీత ఉండె. ఆయన పోయేముంగటి క్యాసెట్ల జెప్పిండు, బామ్మర్ది నాకు మాస్కిచ్చిండు, నాకేం గాదు, నువ్వు రంది వెట్టుకోకు అని. గది ఇంటాంటె మాస్కులనే ఊపిరాడక పోయిండని నాకు సమజైంది. నువ్వు బిళ్ల వట్టుకొని వచ్చిననాడు జెప్తవనుకున్న. చాయ్ తాగి వోయినవు. తొమ్మిదేండ్లు సూసిన గదనే."

తరువాత టేపు ఉత్తగా తిరిగింది. ఎక్కడో బర్రె అరుపు, బిందె పెట్టిన చప్పుడు. తరువాత ఆమె గొంతే మళ్లీ, దగ్గరగా, "ఇగ నీ మొకం సూసుకో పో."

భూమేష్ పంపుషెడ్డు బయటికి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, తోటలో ఒక్క మట్ట కూడా కదలడం లేదు. కాగితం విప్పాడు. గ్లవుజులు లేవు, ఎప్పుడో చిరిగిపోయాయి. ఉత్త వేళ్లతోనే పట్టుకుని బిళ్లని ఎండలోకి వంచాడు.

వేలిముద్ర లేదు, ముఖం కనపడింది. పదేళ్లు ముసలైన ముఖం, తనదే. నుదుటి నుంచి గడ్డం దాకా, నిలువునా, ఒక తెల్లటి చీలిక.